మేఘమునందలి పత్రములు

తొలకరి కురిసిన మరునాడు వజ్రకరూరు చేలలో జనము తలలు వంచి నడచుచుందురు. వాన కడిగిన మట్టిలో వజ్రము కంటబడునేమోయని ఆశ. అట్టి దినమొకటి మేము కార్యక్రమ నిమిత్తము అచ్చటికి పోయి, మేఘసేవలను గూర్చి ముచ్చటించుచుండగా ఒక వృద్ధ రైతు అడిగెను: "సామీ, మా మోడాలే గాలికి ఎగిరిపోతాండాయి. మీ మోడంలో పెట్టిన కాగితం నిలుస్తాదా?"

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బ్రతుకు సీమలో ఇది పరిహాసపు ప్రశ్న కాదు. వేరుసెనగ ఎండిన ఏట ఇంటికి తాళము వేసి బెంగళూరు పనులకు పోవు కుటుంబములు కలవు. కాగితములు ట్రంకుపెట్టెలో ఉండిపోవును. అక్కడ ఎవరైన అడిగినవేళ చేతికందవు.

నిపుణులు మేఘమనునది ఆకాశమున లేదు. నేలమీది భవనములలో, చల్లని గదులలో రేయింబవళ్లు పనిచేయు కంప్యూటర్ల సముదాయమది. కేంద్ర ప్రభుత్వము తన మేఘమునకు మేఘరాజ్ అనియే పేరిడినది. సామాన్య గృహస్థునకు మేఘసేవలలో దగ్గరి వాకిలి 2015లో వెలసిన డిజిలాకరు. పాట రేడియోపెట్టెలో లేదు గదా! అటులనే డ్రైవింగు లైసెన్సు వివరము రవాణాశాఖ యొద్దనే ఉండును; లాకరు దానిని తెచ్చి చూపును. ఫోను పోయినను పత్రము పోదు.

ఇందు చేరుటకు తొలిమెట్టు ఫోను కాదు, నంబరు. ఆధారునకు జతపడిన నంబరునకే ఓటీపీ వచ్చును. అది చెప్పినపిమ్మట ఆరంకెల రహస్యసంఖ్య నొకటి మనమే ఏర్పరచుకొనవలెను. రీఛార్జి మానిన నంబరును కంపెనీవారు కొన్నాళ్లకు మరియొకరికిత్తురు. మేమును ఇట్లే చిక్కుబడితిమి. మా ఓటీపీ ఎవరో ఎరుగని వ్యక్తికి పోవుచుండెను. నంబరు మార్పించుకొనుటకు మూడుమారులు తిరిగితిమి. చదువుకొన్నవారమను గర్వము అప్పుడు కొంత తగ్గినది. కావున వలసపోవుటకు ముందే ఆధారు కేంద్రములో నంబరు సరిచూచుకొనుడు.

మరియొక సంగతి పలువురెరుగరు. శాఖవారు జారీచేసినట్లు లాకరులో కనబడు పత్రము, 2017లో సవరించిన నియమముల ప్రకారము, అసలు కాగితముతో సమానము. మనము ఫొటో తీసి ఎక్కించినది వట్టి నకలు. దానికా విలువ లేదు. ఎక్కించితిమి గదాయని ట్రంకులోని అసలును అశ్రద్ధ చేయరాదు.

తోడ్పాటు ఎవరినడుగవలెను? 2019 అక్టోబరు 2న సచివాలయమను పేర ఆరంభమైన గ్రామ కార్యాలయమున డిజిటల్ అసిస్టెంటు నడుగవచ్చును. ఆధారు సందేహములకు 1947 నంబరు కలదు. ఇంటర్నెట్టులో వెదకి, కంటబడిన ఏదో సహాయకేంద్రపు నంబరునకు ఫోను చేయకుడు. అందు మోసగాండ్రు పొంచియుందురు. ఓటీపీ చెప్పుమనువాడు ఎంత మర్యాదగా మాటాడినను వానిని నమ్మరాదు. సొమ్ము పోయినచో ఆలసింపక 1930కి తెలుపుడు. ఇంటి పిల్లలచేత పని చేయించుకొనుట మంచిదే. రహస్యసంఖ్యను మాత్రము మీరే నొక్కుడు.

ఇంతయు విని వృద్ధుడు తన జేబు తడవుకొనెను. ఆధారునకిచ్చిన నంబరు బెంగళూరిలోని కుమారుని ఫోనులో ఉన్నదట. పీర్ల పండుగకు వాడు వచ్చునప్పుడు ఇరువురును కలిసి పోయెదమని చెప్పి, మరల చేనివైపు నడచెను.