చెట్టు ముందా, విత్తు ముందా? గెలాక్సీకీ బ్లాక్ హోల్‌కీ మధ్య ఉన్న లెక్క

పోయిన ఎపిసోడ్ చూసి చాలామంది ఒకటే అడిగారు. పెద్ద గెలాక్సీల నడిమధ్యలో దాదాపు ప్రతిదాంట్లో ఒక భారీ బ్లాక్ హోల్ ఉంటుంది కదా, మరి ముందు పుట్టింది ఏది? నేను శాస్త్రవేత్తను కాను, బీటెక్ చేసి కోడ్ రాసుకునేవాణ్ణి. అందుకే ఈ రోజు తెలిసిన విషయం ఏది, నా ఊహ ఏది అన్నది విడివిడిగా చెప్తాను.

ముందు మన ఇంటి సంగతి. పాలపుంత మధ్యలో, మనకి సుమారు 26 వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న బ్లాక్ హోల్ పేరు సాజిటేరియస్ ఏ-స్టార్. బరువు 40 లక్షల సూర్యులకు పైనే. కనపడని దాన్ని ఎలా తూచారు? ఎస్2 అనే నక్షత్రం దాని చుట్టూ 16 ఏళ్లకోసారి తిరుగుతుంది. ఎంత దూరంలో, ఎంత వేగంగా తిరుగుతోందో తెలిస్తే మధ్యలో ఉన్నదాని బరువు తేలిపోతుంది. ఈ పనికే గెంజెల్, ఆండ్రియా గెజ్‌లకి 2020లో నోబెల్ వచ్చింది. 40 లక్షలంటే పెద్ద సంఖ్యే, కానీ పాలపుంతలో నక్షత్రాలు పదివేల కోట్లకు తక్కువ ఉండవు. వాటి ముందు ఇది చిటికెడు ఉప్పు.

అందుకే పాత కథ సులువుగా ఉండేది. ముందు గ్యాస్, దాన్నుంచి నక్షత్రాలు, పెద్ద నక్షత్రం చచ్చిపోతే చిన్న బ్లాక్ హోల్, అది తిని తిని లావెక్కింది.

2023లో ఈ కథకి చిక్కొచ్చింది. జేమ్స్ వెబ్, చంద్ర ఎక్స్-రే టెలిస్కోపులు రెండూ కలిసి యూహెచ్‌జడ్1 అనే గెలాక్సీని పట్టాయి. మనం చూస్తున్నది బిగ్ బ్యాంగ్ తర్వాత 47 కోట్ల ఏళ్లప్పటి దాని రూపం. అందులో బ్లాక్ హోల్ బరువు 1 కోటి నుంచి 10 కోట్ల సూర్యులని అంచనా. ఆ గెలాక్సీలో నక్షత్రాలన్నీ కలిపినా ఇంచుమించు అంతే!

ఇప్పుడు కాగితం తీయండి. బ్లాక్ హోల్ తినేకొద్దీ చుట్టూ వెలుగు పెరిగి, ఆ వెలుగే వచ్చే గ్యాస్‌ని వెనక్కి నెడుతుంది. దీన్నే ఎడింగ్టన్ హద్దు అంటారు. ఆ హద్దులో ఆపకుండా తిన్నా బరువు రెట్టింపు కావడానికి సుమారు మూడున్నర కోట్ల ఏళ్లు పడుతుంది. మొదటి నక్షత్రం 20 కోట్ల ఏళ్లప్పుడు చచ్చిందనుకుందాం. మిగిలింది 27 కోట్ల ఏళ్లు, అంటే దాదాపు 8 రెట్టింపులు, 256 రెట్లు. 100 సూర్యులతో మొదలైతే 25 వేల దగ్గర ఆగిపోతుంది. కోటి ఎక్కడ, 25 వేలెక్కడ? అదే లక్ష సూర్యులతో మొదలైతే రెండున్నర కోట్లు. లెక్క సరిపోయింది!

లక్ష సూర్యుల విత్తనం ఎలా వస్తుంది? కోయంబత్తూరులో పుట్టి యేల్‌లో పనిచేస్తున్న ప్రియంవదా నటరాజన్ లాంటివాళ్లు యూహెచ్‌జడ్1 దొరక్కముందే ఒక దారి చూపించారు. పక్క గెలాక్సీ వెలుగు తగిలి గ్యాస్ మబ్బు చల్లారలేకపోతే, అది ముక్కలై నక్షత్రాలుగా మారదు, మొత్తంగా కూలి నేరుగా బ్లాక్ హోల్ అవుతుంది. ఎడింగ్టన్ హద్దు దాటి తిన్న చిన్న విత్తనమే అనేవాళ్లూ ఉన్నారు. ఆ వాదం ఇంకా తెగలేదు.

ఇక నా ఊహ, ఊహగానే వినండి. కొన్నిచోట్ల విత్తు ముందు పడింది, చెట్టు దాని చుట్టూ తర్వాత పెరిగింది. ఇది తప్పని తేలే దారి కూడా చెప్పాలి కదా, లేకపోతే పుక్కిటి పురాణమే. ఇంకా పాత కాలంలోకి చూసినప్పుడు గెలాక్సీలు పెద్దవిగా, బ్లాక్ హోల్స్ చిన్నవిగా కనిపిస్తే నా ఊహ పోయినట్టే. 2035లో పంపాలనుకుంటున్న లీసా, బ్లాక్ హోల్స్ ఢీకొన్నప్పుడు వచ్చే గురుత్వ తరంగాలను వింటుంది. విత్తనాల సైజు అక్కడ తెలుస్తుంది.

మీరు ఏ పక్షం? ఊహతో పాటు, అది తప్పని ఎలా తేలుతుందో కూడా కామెంట్‌లో రాయండి. తర్వాతి ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి!