నాపరాయి నేల మీద ఆటోమేషన్ చదువు

కర్నూలులోనైనా కడపలోనైనా పిల్లాడి ఇంటర్ ఫలితాలు రాగానే ఇంట్లో మొదలయ్యే మాట ఒకటే: హైదరాబాదా, బెంగళూరా? ఈ సభకు వచ్చిన తల్లిదండ్రుల్లో చాలామంది ఇళ్లలో ఈ ఏడూ ఆ చర్చే నడిచి ఉంటుంది. యంత్రాలు తమంతట తాము నడిచేలా చేసే ఆటోమేషన్ విద్యకు పెద్ద పాఠశాల మాత్రం మన ఊళ్ల పక్కనే ఉంది.

ఎర్రగుంట్ల, చిలంకూరు, కమలాపురం, జమ్మలమడుగు, అటు నంద్యాల వైపు కొలిమిగుండ్ల, గడివేముల. కాళ్ల కింద సున్నపురాయి ఉన్నందుకే ఇన్ని సిమెంటు ఫ్యాక్టరీలు ఇక్కడికొచ్చాయి. వాటిలో కిల్న్ అనే పొడవాటి ఉక్కు గొట్టం మెల్లగా తిరుగుతూ ఉంటుంది. లోపల 1,450 డిగ్రీల సెల్సియస్ దగ్గర రాతిపొడి క్లింకర్‌గా మారుతుంది. ఆ వేడిలోకి తొంగిచూసే మనిషి ఉండడు. ఎక్కడో దూరంగా సీసీఆర్‌లో, అంటే సెంట్రల్ కంట్రోల్ రూమ్‌లో కూర్చున్న ఆపరేటర్ మోటారు లాగే కరెంటును, పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను, ఉష్ణోగ్రతను తెర మీద చూస్తూ బొగ్గు పెంచుతాడు, తగ్గిస్తాడు. కిల్న్ లోపలి ఇటుక ఊడితే పైరేకు మీద ఆ చోటు వేడెక్కుతుంది. స్కానర్ దాన్ని పసిగడుతుంది.

ఆ తెర మీది ప్రతి అంకె వెనకా ప్లాంటులో ఎక్కడో ఒక సెన్సర్, ఒక జత వైర్లు ఉంటాయి. నీళ్ల ట్యాంకునే తీసుకుందాం. ట్యాంకు ఖాళీగా ఉంటే ఆ వైర్లలో 4 మిల్లీ ఆంపియర్ల కరెంటు, నిండితే 20, సగముంటే 12. ఖాళీ అన్నప్పుడు సున్నా పెట్టొచ్చు కదా, 4 ఎందుకు? వైరు తెగితే వచ్చేదీ సున్నానే. సున్నా కనబడిందంటే ట్యాంకు ఖాళీ కాలేదు, వైరు తెగిందని సిస్టమ్‌కు తెలుస్తుంది. కడప జిల్లా నుంచి ఎంతోమంది వెళ్లే కువైట్‌లో చమురు శుద్ధి కర్మాగారాల్లోనూ ఈ 4–20 లెక్క పనిచేస్తుంది. ఇక్కడ నేర్చుకున్న చేతిపనికి అక్కడా విలువుంది.

ఈ సంకేతాలను చదివి మోటార్లకు ఆజ్ఞలిచ్చే పెట్టె పీఎల్‌సీ. 1968కి ముందు అమెరికా కార్ల ఫ్యాక్టరీల్లో ఈ పని గోడల నిండా రిలేలనే విద్యుత్ స్విచ్‌లతో జరిగేది. కారు మోడల్ మారిన ప్రతిసారీ వైరింగంతా విప్పి మళ్లీ కట్టాల్సి వచ్చేది. ఆ తలనొప్పి తీర్చమని జనరల్ మోటార్స్ అడిగితే, ఇంజినీర్ డిక్ మోర్లీ బృందం మోడికాన్ 084 అనే పీఎల్‌సీని తయారుచేసింది. దాని ప్రోగ్రామును ఫ్యాక్టరీ ఎలక్ట్రీషియన్లకు అలవాటైన రిలే బొమ్మల పద్ధతిలోనే రాసేలా పెట్టారు. నేటికీ ల్యాడర్ లాజిక్ పేరుతో అదే నడుస్తోంది. ఐటీఐ ఎలక్ట్రీషియన్‌కు ఇది ఎంతమాత్రం పరాయి చదువు కాదు.

అందుకే నగరాల్లో రెండు మూడు నెలల పీఎల్‌సీ కోర్సుకు పరుగెత్తే పిల్లలను చూస్తే బాధేస్తుంది. కాంటాక్టర్ విప్పి చూడనివాడు, స్టార్ట్ బటన్ వదిలేశాక కూడా మోటారు ఎందుకు తిరుగుతుందో చెప్పలేనివాడు సాఫ్ట్‌వేర్‌లో నిచ్చెన బొమ్మలు గీసి ఏం లాభం? ముందు ప్యానెల్, తర్వాతే ప్రోగ్రాము.

దారులు చాలానే ఉన్నాయి. పది పాసైతే ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ ట్రేడులు. పాలీసెట్ రాస్తే మూడేళ్ల డిప్లొమా, ఆపైన ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడు. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ, 2015లో మొదలైన కర్నూలు ట్రిపుల్ ఐటీడీఎం, పుల్లారెడ్డి కాలేజీ, కడప కేఎస్‌ఆర్‌ఎం చేరువలోనే ఉన్నాయి. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద ఫ్యాక్టరీల్లో స్టైపెండుతో పని నేర్చుకోవచ్చు.

ఉద్యోగాలు సిమెంటుతోనే ఆగవు. ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రం 1,650 మెగావాట్లది. ఓర్వకల్లు ప్రాంతంలో దాదాపు 6 వేల ఎకరాల్లో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో కారు బాడీలకు వెల్డింగ్ చేసేవి రోబోలు. వీటన్నిటికీ ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్లు, ప్యానెల్ కట్టేవాళ్లు, కొత్త ప్లాంటును తొలిసారి నడిపించే కమిషనింగ్ ఇంజినీర్లు కావాలి.

యంత్రం వస్తే కూలీ పోదా అని అడిగేవాళ్లున్నారు. పోతుంది. ప్యాకింగ్ ప్లాంటులో సంచిని చేత్తో ప్యాకర్ మూతికి తొడిగే పని యంత్రానికి పోతోంది. ఆ దుమ్ములో ఊపిరితిత్తులు పాడుచేసుకునే పని పోవడం మంచిదే, ఆ మనిషి వీధిన పడడం మాత్రం అన్యాయం. యంత్రం పెట్టే యాజమాన్యమే ఆ కార్మికుడికి, అతని పిల్లలకు శిక్షణ సీటు ఇవ్వాలి.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఫీజు కట్టేముందు కాలేజీ ల్యాబ్‌లోకి వెళ్లండి. అక్కడి ప్యానెల్‌కు తాళం ఉందా, పిల్లల చేతుల్లో స్క్రూడ్రైవర్ ఉందా చూడండి. వారానికి ఎన్ని గంటలు మా వాడు సొంతంగా వైరింగ్ చేస్తాడని అడగండి. సరైన జవాబు రాకపోతే మరో కాలేజీ చూసుకోండి.