కప్పులు కడిగే కుర్రాడు ఎంతదూరం వెళ్ళగలడు?

నేను కతార్‌లోని దుఖాన్ నుంచి మాట్లాడుతున్నాను. దోహాకి పడమరగా ఎనభై కిలోమీటర్ల దూరంలో, సముద్రం ఒడ్డున ఉన్న చమురు ఊరు ఇది. దుఖాన్ అంటే అరబ్బీలో పొగ. ఈ దేశంలో చమురు మొదట పడింది ఇక్కడే. అది ఓడలకెక్కి బయటికి వెళ్ళడం మాత్రం రెండో ప్రపంచయుద్ధం అయ్యాక, 1949 ఆఖర్లో మొదలైంది. ఈరోజు చమురు గురించి కాదు లెండి, చాయ్ గురించి మాట్లాడుకుందాం.

నేను ఐటీ కన్సల్టెంటుని. కాఫీ షాపుల గొలుసు సంస్థలకు బిల్లింగు, సరుకు లెక్కల సాఫ్ట్‌వేర్ అమర్చడం నా పనిలో ఒక భాగం. ఆ పని మీద నాలుగు దేశాలు తిరిగాను. మన వాళ్ళు నలుగురు కలిస్తే ఒక వాదన తప్పకుండా వస్తుంది. పెద్ద కంపెనీ కాఫీ షాపు మంచిదా, వీధి మూల చిన్న కొట్టు మంచిదా? ఒకరు శుభ్రత అంటారు, ఇంకొకరు రుచి అంటారు. చివరికి ధర దగ్గర ఇద్దరూ ఒకటైపోతారు!

ముందు లోకం తీరు చూద్దాం. స్టార్‌బక్స్ 2000లో ఆస్ట్రేలియాలో అడుగుపెట్టింది. ఎనిమిదేళ్ళకే అక్కడున్న 84 దుకాణాల్లో 61 మూసేసింది. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. యుద్ధం తర్వాత వలసవచ్చిన ఇటలీ, గ్రీసు కుటుంబాలు అప్పటికే ప్రతి వీధిలో మంచి కాఫీ అలవాటు చేసి పెట్టాయి. ఇటలీలోనైతే ఆ కంపెనీ 2018 దాకా కొట్టే తెరవలేదు. అంటే జనానికి తమదైన అలవాటు గట్టిగా ఉన్నచోట చిన్న కొట్టు నిలబడుతుంది. గల్ఫ్‌లో కథ వేరు. ఇక్కడ స్టార్‌బక్స్‌ని నడిపేది అమెరికా కంపెనీ కాదు, కువైట్‌కి చెందిన అల్‌షాయా సంస్థ. 1999లో కువైట్‌లో మొదలుపెట్టి చుట్టుపక్కల దేశాలకు వ్యాపించింది.

అయినా ఇక్కడ కూడా కరక్ బతికే ఉంది. మన కడక్ చాయే అరబ్బుల నోట కరక్ అయింది. తేయాకు పొడి, డబ్బా పాలు, పంచదార, యాలకులు వేసి చిక్కగా మరిగిస్తారు. కొట్టు ముందు కారాపి హారన్ కొడితే కుర్రాడు పరుగెత్తుకొస్తాడు. కొట్టుని 'కఫెటేరియా' అంటారు, చాయ్ కాచేది ఎక్కువగా మలయాళీలు. పక్కనే పరోటా పెనం ఉంటుంది. కోటీశ్వరుడి కారూ, కూలీల బస్సూ ఒకే కొట్టు ముందు ఆగుతాయి. ఇదంతా చూసి చిన్న కొట్టే గొప్పదని తీర్పు చెప్పేయాలనిపిస్తుంది. కానీ కొంచెం ఆగండి.

మన హైదరాబాదుకి వెళదాం. ఇరాన్ నుంచి వలసవచ్చిన వాళ్ళు పెట్టిన చాయ్ హోటళ్ళు మనందరికీ తెలుసు. డికాక్షన్ని మూతపెట్టి దమ్ మీద ఉంచుతారు, పాలు వేరే గిన్నెలో చిక్కబరుస్తారు, కప్పులో రెండూ కలుపుతారు. రెడ్‌హిల్స్‌లోని నీలోఫర్ కేఫ్ 1978లో మొదలైంది. ఆదిలాబాద్ జిల్లా నుంచి వచ్చి అక్కడ చిన్న పనిలో చేరిన కుర్రాడు బాబూరావు. తర్వాత ఆ కేఫ్‌కే యజమాని అయ్యాడు. ఇప్పుడు నీలోఫర్‌కి నగరంలో చాలా బ్రాంచీలున్నాయి. ప్యారడైజ్ కూడా 1953లో సినిమా హాలు పక్కన చిన్న కేఫ్‌గా పుట్టిందే. ఈ రెంటినీ ఏమనాలి? చిన్న కొట్లా, గొలుసులా?

మూడో రకం కూడా ఉంది. మన ఊళ్ళలో 'బెంగుళూరు అయ్యంగార్ బేకరీ' అన్న బోర్డు చూడని వాళ్ళుండరు. అన్నీ ఒకే కంపెనీ అనుకుంటాం. నిజానికి వాటికి హెడ్డాఫీసు లేదు. కర్ణాటకలోని హాసన్ ప్రాంతం నుంచి వచ్చిన వాళ్ళు ఈ పద్ధతికి ఆద్యులు. బంధువు కొట్లో పిండి కలపడం నేర్చుకున్న కుర్రాడు, నాలుగేళ్ళయ్యాక ఇంకో ఊళ్ళో అదే పేరుతో తన పొయ్యి వెలిగించుకుంటాడు. తర్వాత ఆ పేరు ఇతరులూ పెట్టుకున్నారు. పేరు ఒకటే, యజమానులు వేలమంది.

అందుకే నేను పెద్దదా చిన్నదా అని అడగడం మానేశాను. ఆ కొట్లో కప్పులు కడిగే కుర్రాడు ఎంతదూరం వెళ్ళగలడు? ఇదీ నా కొలబద్ద.

దీంతో కొలిస్తే గల్ఫ్‌లో లెక్క మారిపోతుంది. నేను తరచు వెళ్ళే కఫెటేరియాలో జగిత్యాల కుర్రాడొకడు పనిచేస్తున్నాడు. పరోటా, సమోసా, కరక్ అన్నీ చేస్తాడు. ఆమధ్య దోహాలో ఒక గొలుసు సంస్థ నుంచి అతనికి పిలుపొచ్చింది. నన్నడిగాడు: "అన్నా, ఆడ జీతం తారీకుకి బ్యాంకుల పడ్తదంట. గని ఆడ మిషన్ బటన్ నొక్కుడే పని. ఈడ పని మొత్తం నేర్సుకున్న. ఏం జెయ్యమంటవ్?"

మంచి ప్రశ్న. ఆ మిషన్ల వెనక లెక్కలు రాసేవాణ్ణి కాబట్టి నాకు తెలుసు. గొలుసు కొట్లో పనితనం కుర్రాడి చేతిలో ఉండదు. ఎన్ని గ్రాముల పొడి, ఎన్ని సెకన్లు అన్నది హెడ్డాఫీసు నిర్ణయం. అతను మానేసినా కాఫీ మారదు. కానీ అక్కడ షిఫ్ట్ సూపర్‌వైజర్, స్టోర్ మేనేజర్ అని పైకెక్కే మెట్లున్నాయి. చిన్న కొట్లో చేతికి పని మొత్తం వస్తుంది, మెట్లుండవు. కొట్టు లైసెన్సు ఒకరిది, నడిపేది ఇంకొకరు, చాయ్ కాచేది మూడో మనిషి. విదేశీయుడు నూటికి నూరు వాటా పెట్టుకోడానికి 2019 చట్టం దారి ఇచ్చింది, నిజమే. పెట్టుబడి ఎక్కణ్ణుంచి తెస్తాడు? బాబూరావులా ఇక్కడ యజమాని కావడం అంత తేలిక కాదు.

అతనికి నేను వెళ్ళమనీ చెప్పలేదు, ఉండమనీ చెప్పలేదు. మూడు విషయాలు చెప్పాను. ఒకటి, 2021 మార్చి నుంచి ఇక్కడ కనీస మూలవేతనం నెలకి 1000 రియాళ్ళు. వసతి ఇవ్వకపోతే ఇంకో 500, భోజనం పెట్టకపోతే 300 కలపాలి. పెద్ద కంపెనీకైనా చిన్న కొట్టుకైనా ఇదే చట్టం. రెండు, పాత యజమాని 'అభ్యంతరం లేదు' అని కాగితం రాసిస్తేనే ఉద్యోగం మారాలన్న నియమాన్ని 2020లో తీసేశారు. నోటీసు గడువు మాత్రం పాటించాలి. మూడు, కొత్త కాంట్రాక్టులో డ్యూటీ గంటలు, ఓవర్‌టైము, వారం సెలవు ఎలా రాశారో చదవకుండా సంతకం పెట్టొద్దు.

ఆ కాంట్రాక్టు మేమిద్దరం కూర్చుని చదివాం. ఇంగ్లీషు, అరబ్బీ తప్ప తెలుగు ముక్క లేదు. చదవడానికి ముప్పావుగంట పట్టింది. రెండేళ్ళు అక్కడ చేసి, డబ్బు కూడబెట్టి, జగిత్యాల బస్టాండు దగ్గర సొంత కొట్టు పెడతానన్నాడు. పరోటా ఎలాగూ వచ్చు, అక్కడ లెక్కలూ సరుకు నిర్వహణా నేర్చుకుంటాడట. రెండు రకాల కొట్లనీ తన బడిగా చేసుకున్నాడు. మా వాదనలకంటే అతని ఆలోచనే నాకు నచ్చింది.

శ్రోతల్లో నాలాంటి వాళ్ళు చాలామంది ఉన్నారని నాకు తెలుసు. లాప్‌టాప్ తెరుచుకుని కాఫీ షాపులో గంటలు గడిపేవాళ్ళం మనం. మీ కప్పు తీసుకెళ్ళే కుర్రాడు తెలుగువాడైతే ఊరేదని అడగండి. కాగితాలేమైనా చదివి చెప్పాలా అని కూడా అడగండి. ఆ ముప్పావుగంట మనకు పెద్ద ఖర్చు కాదు, అతనికి రెండేళ్ళ జీవితం.