పండ్ల బార్ ఆకలిని ఎంతవరకు ఆపుతుంది? ప్యాకెట్ మీద ఏం రాయాలి?

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం అధ్యక్షురాలు చేసిన ప్రసంగం)



ఈ సంవత్సరం మా గ్రామ సంఘంలో పదిమందిమి కలిసి పండ్ల బార్ తయారీ మొదలుపెట్టాం. జమాఖర్చులు నివేదికలో ఉన్నాయి కాబట్టి మళ్లీ చదవను. ఒక్క విషయం మాట్లాడతాను. ఒక వ్యాపారి మాకు పెద్ద ఆర్డర్ ఇస్తానంటున్నాడు. కానీ ప్యాకెట్ మీద "పంచదార లేదు, షుగర్ ఉన్నవాళ్లకు మంచిది, బరువు తగ్గిస్తుంది" అని వేయమంటున్నాడు. వేద్దామా, వద్దా? ఇది మా ఒక్క ఊరి సంగతి కాదు. ప్యాకెట్ మీద సమాఖ్య పేరు ఉంటుంది, అందుకే అందరి ముందు పెడుతున్నాను. ఈ మాట తేల్చాలంటే, బార్ తిన్నాక ఒంట్లో ఏం జరుగుతుందో ముందు తెలియాలి.

పండ్ల బార్ మనకు కొత్త కాదండి. మామిడి తాండ్రే మన పాత పండ్ల బార్. మన విజయనగరం జిల్లాలో భీమాలి తాండ్ర అంటే తెలియనివాళ్లు లేరు. రసంలో తీపి కలిపి, చాపల మీద పొర మీద పొర పోసి ఎండబెడతారు. ఎండకి నీళ్లు పోతాయి గానీ తీపి పోదు. వంద గ్రాముల మామిడిపండులో సుమారు 83 గ్రాములు నీళ్లే, శక్తి 60 కేలరీలు. అదే వంద గ్రాముల తాండ్ర తింటే 300 కేలరీల పైమాటే. పండు ఒకటి తింటే కడుపు నిండుతుంది. తాండ్ర ముక్కలు కబుర్లలో పడితే ఎన్ని తిన్నామో కూడా గుర్తుండదు.

1977లో ఇంగ్లండులో డాక్టర్లు పదిమందికి ఆపిల్‌ని కాయగా, గుజ్జుగా, రసంగా ఇచ్చి చూశారు. మూడింటిలోనూ చక్కెర సమానమే. రసం తాగితే కడుపు నిండినట్టు తక్కువ అనిపించింది, గుజ్జుకి కాస్త నయం, కాయ నమిలి తింటే అన్నిటికంటే బాగా నిండినట్టు అనిపించింది. రసం తాగిన కాసేపటికి రక్తంలో చక్కెర మొదట ఉన్నదానికంటే కిందికి దిగింది కూడా. అంటే ఎంత తీపి తిన్నామన్నదే కాదు, పీచుతో నమిలి తిన్నామా, గుటుక్కున మింగామా అన్నదీ ఆకలిని నిర్ణయిస్తుంది.

ఇప్పుడు మా బార్ లెక్క చూడండి. బరువు 30 గ్రాములు. అందులో ఖర్జూరం 12, వేయించిన వేరుశనగ పలుకులు 10, తాండ్ర 5, నువ్వులు 3 గ్రాములు. మొత్తం సుమారు 125 కేలరీలు, రెండు ఇడ్లీలంత. ప్రోటీన్ 3 గ్రాముల పైన, పీచు 2 గ్రాములు, తీపి 12 గ్రాములు. 12 గ్రాములంటే మూడు చిన్న చెంచాల చక్కెరతో సమానం.

ఆకలి సంగతి. ఉత్త ఖర్జూరం, తాండ్ర తింటే శక్తి తొందరగా వస్తుంది, ఆకలీ తొందరగా తిరిగొస్తుంది. వేరుశనగ, నువ్వులు కలిస్తే వాటిలోని కొవ్వు, ప్రోటీన్ వల్ల తిన్నది కడుపులోంచి నెమ్మదిగా దిగుతుంది. అందుకే మేము పప్పుని పొడి కొట్టకుండా పలుకులుగా వేస్తున్నాం. నమలాలి, పైన ఒక గ్లాసు నీళ్లు తాగాలి. అలా తింటే పనిలో ఉన్న మనిషికి ఒక పూట మధ్యలో ఆసరా అవుతుంది. అంతేగాని భోజనానికి బదులు కాదు.

ఇంక "ఒంట్లో కొవ్వు కరిగిస్తుంది, జీవక్రియ పెంచుతుంది" అనే మాట. తిన్నది అరగడానికి కూడా ఒంటికి కొంత శక్తి ఖర్చవుతుంది, అది నిజమే. ప్రోటీన్‌కి అందులోని శక్తిలో 20 నుంచి 30 శాతం, పిండిపదార్థాలకి 5 నుంచి 10 శాతం. మా బార్‌లోని ప్రోటీన్ అరగడానికి అయ్యే ఖర్చు మూడు నాలుగు కేలరీలు. 125 తిని నాలుగు ఖర్చుపెడితే బరువు ఎలా తగ్గుతుందమ్మా? అన్నం తిని, పైన బార్ కూడా తింటే బరువు పెరుగుతుంది.

"పంచదార లేదు" అన్నది అసలే కుదరదు, తాండ్రలో పంచదార కలిపాం కదా. కలపకపోయినా ఖర్జూరం తీపి రక్తంలో చక్కెరను పెంచుతుంది. మన సంఘాల్లో షుగర్ మాత్రలు వేసుకునే అక్కలు ఎంతమంది ఉన్నారో ఒకసారి పక్కకి చూడండి. మన ప్యాకెట్ నమ్మి వాళ్లలో ఒకరు రోజుకి మూడు బార్లు తింటే, మందు పని మందు చేయలేదు. చట్టం కూడా ఒప్పుకోదు. 2006 ఆహార భద్రత చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు పది లక్షల రూపాయల వరకు జరిమానా ఉంది. మన పొదుపు డబ్బుతో ఆ జరిమానా కట్టగలమా?

కాబట్టి మా గ్రామ సంఘం తీర్మానం ఇది. ప్యాకెట్ మీద కలిపిన పదార్థాలు బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకి రాస్తాం. కేలరీలు, తీపి ఎంతో దాచకుండా వేస్తాం. వేరుశనగ, నువ్వులు ఉన్నాయని విడిగా కనబడేలా రాస్తాం, అవి పడనివాళ్లు ఉంటారు. బూజు పట్టిన పప్పు ఒక్కటి కూడా లోపలికి పోకుండా ఏరతాం. "షుగర్ ఉన్నవారు డాక్టరు గారిని అడిగి తినండి" అని తెలుగులో, పెద్ద అక్షరాల్లో వేస్తాం.

దీనివల్ల ఈ ఆర్డర్ పోవచ్చు. పదిమందికి దానిమీద ఆశ ఉంది, నాకూ ఉంది. కానీ బడి మైదానంలో ఆడుకునే పిల్లలకి, ఉపాధి పనికి పొద్దున్నే పోయేవాళ్లకి, బస్సులో దూరం వెళ్లేవాళ్లకి ఇది నిజంగా పనికొచ్చే తిండి. ఉన్నది ఉన్నట్టు చెప్పి వాళ్లకే అమ్ముదాం. సంత రోజున, బడుల దగ్గర, బస్ స్టాండులో దుకాణానికి మండల సమాఖ్య సాయం చేస్తే మేము నిలబడతాం. ఈ తీర్మానాన్ని మహాసభ ఆమోదించాలని కోరుతున్నాను.