మంచము పట్టిన సైనికుని పోషణము

మార్కాపురము పలకలకు పేరు పొందినది. కంభము చెఱువునకు పేరు పొందినది. గిద్దలూరు సీమ మఱియొక దానికి పేరు పొందినది. సైన్యమునకు బిడ్డలను పంపిన గ్రామములు ఆ సీమలో మెండు. వాన తప్పిన యేట నల్లమల అంచున నున్న మెట్టచేనిని నమ్ముకొనుటకంటె సిపాయి కొలువును నమ్ముకొనుట మేలని తలచిన కుటుంబము లనేకములు. తండ్రి వెనుక కొడుకును, అన్న వెనుక తమ్ముడును వెళ్ళిన యిండ్లకై మీరు దూరము వెదుకనక్కఱలేదు.

సెలవునకు వచ్చిన సిపాయిని ఊరంతయు పలుకరించును. పింఛనుతో తిరిగివచ్చినవాడు రచ్చబండకడ గౌరవముతో కూర్చుండును. వీరమరణము నొందినవానికి పూలమాల వేసి తల వంచుదుము. ఇవి యన్నియు మంచివే. అయితే నాలుగవవా డొకడు కలడు. అతడు మరణించలేదు, నడచియు రాలేదు. వెన్నెముకకు దెబ్బ తగిలి, నడుము క్రిందిభాగము చచ్చుబడి, పరులు మోయగా ఇంటికి వచ్చినాడు. నేటి నా ప్రసంగము అతనిని గూర్చి. అంతకంటెను అతని మంచము ప్రక్కన నిలిచియున్న మనిషిని గూర్చి.

మన పూర్వులకు ఈ చింత లేకపోలేదు. యుద్ధమున నెత్తురు చిందించినవాని కుటుంబమునకు పన్నులేని భూమి నిచ్చు ఆచారము దక్షిణదేశమున నుండెడిది. దానిని రక్తమాన్యమనిరి. పడిన వీరునకు వీరగల్లు, అతని వారసులకు మాన్యము. ఇందులో నొక వివేకము కలదు. కృతజ్ఞత మాటలలో నుండినచో అఱిగిపోవును. పొలములో నుండినచో ఏటేట పండును. కాని మాన్యపు భూమి తనంతట తాను దున్నుకొనదు. మంచమున నున్నవానిని ప్రక్కకు త్రిప్పను లేదు. అందుచేత ప్రశ్నను రెండుగా విడదీయవలెను. అతని కడుపునకు ఎవరు పెట్టవలెను? అతనికి పరిచర్య చేయు చేతికి ఎవరు పెట్టవలెను? మొదటి ప్రశ్నకు సమాధానము పింఛను. రెండవ ప్రశ్నను మనము అడుగుటయే లేదు.

ఆ పరిచర్య యెట్టిదో ముందుగా తెలిసికొందము. వెన్నెముక చితికినవానికి దేహము క్రిందిసగమున స్పర్శ తెలియదు. ఒకే ప్రక్కను పరుండినచో చర్మము నలిగి పుండు పడును. నొప్పి తెలియదు గనుక అతడు చెప్పలేడు. మంచమున నున్నవానిని రెండుగంటల కొకమారు ప్రక్క మార్చవలెనని వైద్యుల బోధ. అనగా దినమునకు 12 మారులు. అందు నాలుగు మారులైనను ఊరు నిద్రించు వేళలోనివి. మూత్రపు గొట్టమును శుభ్రముగా నుంచవలెను. లేనిచో చీము పట్టి మూత్రపిండములకు చేటు వచ్చును. మలవిసర్జన, స్నానము, బిగిసిపోకుండ కాళ్ళను వంచి చాచుట, ఇవి యన్నియు పరుల చేతి పనులే.

మొదటి ప్రపంచయుద్ధమున వెన్నెముక దెబ్బతిన్న సైనికులలో అధికులు పడకపుండ్ల వలనను, మూత్రదోషము వలనను అచిరకాలములోనే మరణించిరి. 1944లో ఇంగ్లండునందలి స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ అను వైద్యుడు ఇట్టివారికై ఒక విభాగమును నెలకొల్పెను. రాత్రింబవళ్ళు ప్రక్క మార్పించుట, శుభ్రత, వ్యాయామము, చేతికి పని, ఇవియే ఆయన సూత్రములు. మంచములోనే ముగిసిపోవుదు రనుకొన్నవారు చక్రముల కుర్చీలో కూర్చుండి ఆటలాడిరి. 1965 యుద్ధమున గాయపడిన మన సైనికుడు మురళీకాంత్ పేట్కర్ 1972లో జర్మనీయందు వికలాంగుల ఈతపందెమున బంగారు పతకము గెలిచెను. ఇది సంబరమునకై చెప్పినమాట కాదు. పరిచర్య సరిగా జరిగినవాడు బ్రదుకును. జరుగనివానిని పుండు చంపును. ఇట్టివానికి మందు ఎంత అవసరమో చేయియు నంత అవసరము.

ఇక ప్రభుత్వ మేమి ఇచ్చుచున్నదో చూతము. కొలువు కారణముగ అంగవైకల్యము కలిగినవానికి పింఛనులో వైకల్యభాగము కలదు. ఆ వైకల్యము కొలువు వలన కలిగినదా, కొలువు వలన ముదిరినదా, నూటికి ఎన్ని పాళ్ళు అను సంగతులను వైద్యమండలి నిర్ణయించును. యుద్ధరంగమున గాయపడినవానికి యుద్ధగాయపు పింఛను వేఱుగ నున్నది, అది హెచ్చు. మాజీ సైనికుల వైద్యపథకము 2003 ఏప్రిల్ 1వ తేదీన ఆరంభమైనది. ఇవి గాక, నూటికి నూరుపాళ్ళు వైకల్యముండి, నిరంతరము మనిషి తోడు కావలెనని నిర్ణయమైనవానికి నిరంతర పరిచర్యాభత్య మొకటి కలదు. దీనిని 2017లో నెలకు 4,500 రూపాయలనుండి 6,750 రూపాయలకు పెంచిరి. కరవుభత్యము ఏబది శాతమునకు చేరినపుడు దీనిని నాలుగవవంతు పెంచవలెనను నియమమును కలదు.

ఈ అంకెను మన ఊరి లెక్కలో పెట్టి చూతము. 6,750 రూపాయలనగా దినమునకు 225. నాలుగవవంతు చేర్చినను దినమునకు 281 రూపాయలు; గంటకు 12 రూపాయలైనను కావు. మన రాష్ట్రమున 2025-26 సంవత్సరమునకు ఉపాధి హామీ పనిలో దినకూలి 307 రూపాయలు. రేయింబవళ్ళు పరిచర్య చేయుటకు ఎనిమిదేసి గంటల చొప్పున ముగ్గురు మనుష్యులు కావలెను. మన్ను త్రవ్వుకూలి లెక్కననే ముగ్గురికి దినమునకు 921 రూపాయలు, నెలకు 27,630 రూపాయలు. భత్యమును తీసివేసినను నెలకు 19 వేలకు పైగా మిగులును. ఆ మొత్తము నెవరు చెల్లించుచున్నారు?

భార్య చెల్లించుచున్నది. భార్య లేనిచోట తల్లి చెల్లించుచున్నది. మానిన కూలితో, చెడిన నిద్రతో, విఱిగిన నడుముతో చెల్లించుచున్నది. రసీదు లేదు గనుక అది చెల్లింపుగా మనకు కనబడుట లేదు. ప్రభుత్వమును నిందించుటకై ఈ లెక్క చెప్పలేదు. లెక్క తెలియనిచో న్యాయము తెలియదని చెప్పితిని.

ఒక యిల్లు ఊహించుకొనుడు. సైనికుడు మంచమున నున్నాడు. పింఛను, భత్యము ఒకే బ్యాంకి పుస్తకములో పడుచున్నవి. ఆ పుస్తకము అన్నగారి చేతిలో నున్నది. మొదటి యేట బోరు వేసిరి, నీరు పడలేదు. రెండవ యేట చెల్లెలి పెండ్లి. మూడవ యేట వడ్డీ. ఇందులో దుర్మార్గు డెవడును లేడు. అన్ని ఖర్చులును ఇంటివే. కాని పరిచర్యకై వచ్చిన పైకము పరిచర్యకు చేరలేదు. మెత్తని పఱుపు కొనలేదు. రాత్రికి మనిషిని పెట్టలేదు. మిరపకోతకు పోవుట మానుకొన్న భార్య చేతికి ఒక రూపాయ రాలేదు. పైగా ఇద్దరిని కూర్చుండబెట్టి పోషించుచున్నామను మాట పడినది. ఒకరాత్రి ఆమెకు జ్వరము వచ్చెను. ఆ రాత్రి ప్రక్క మార్చువారు లేరు. పుండు ఆ రాత్రి మొదలైనది.

భర్తకు సేవచేయుట భార్యకు ధర్మము గదా, ధర్మమునకు కూలి యేమి యని పెద్దలు కొంద రనవచ్చును. అయ్యా, ధర్మమునకు కూలి లేదు, నిజమే. ధర్మము చేయు మనిషికి ఆకలి యున్నది, నిద్ర యున్నది, ముసలితనమును ఉన్నది. ఆమె పడిపోయిననాడు ధర్మ మెవరు చేయుదురు? ఆ ప్రశ్నకు సమాధానమును ఆమె నిలిచియున్న దినములలోనే సిద్ధపఱుపవలెను.

ఇంట చేతులు లేనివారికి ఆశ్రయస్థానములు కొన్ని కలవు. పూనా దగ్గఱ ఖడ్కీలో 1974లోను, పంజాబునందలి మొహాలీలో 1978లోను కాళ్ళు చచ్చుబడిన సైనికులకై పునరావాస కేంద్రములు నెలకొన్నవి. అచ్చట పరిచర్యతో పాటు చేతిపనులును నేర్పుదురు. వీని పోషణమునకు సైనిక పతాకనిధి నుండి సహాయధనము వెళ్ళును. 1949 మొదలుకొని యేటేట డిసెంబరు 7వ తేదీన బడిపిల్లలు మన చొక్కాకు గ్రుచ్చు చిన్నజెండా ఆ నిధికే. పిల్లవాడు డబ్బా ఆడించినపుడు మనము వేసిన పదిరూపాయలు ఎక్కడికో పోయినవని తలచుదుము. అవి ఒక మంచము క్రిందికి పోయినవి.

అయితే ఆ కేంద్రములలో చోటు కొలది, దూర మధికము. పదునైదేండ్లు సైన్యమున హిందీ మాటలాడినవానికి పరభాష కష్టము కాదు. గిద్దలూరునుండి భార్య పోయి చూచి వచ్చుటయే కష్టము.

ఇతర దేశములవా రీ భారమును పలువిధములుగా మోసిరి. ఫ్రాన్సు రాజగు పదునాలుగవ లూయీ 1670లో వికల సైనికులకై పారిసునగరమున గృహమును కట్ట నాజ్ఞాపించెను. ఇంగ్లండు రాజు రెండవ చార్లెసు స్థాపించిన చెల్సీ గృహము 1692లో తన మొదటి నివాసులను చేర్చుకొనెను. దాని ఖర్చునకై పనిలోనున్న సైనికుల జీతములనుండియే కొంత కోసిరి. ఆ గృహమున చేరువాడు తన సైనిక పింఛనును వదలుకొనును. బదులుగా కూడు, గుడ్డ, నీడ, పరిచర్య పొందును. అమెరికాలో 1999లో చేసిన చట్టము ననుసరించి, కొలువు కారణముగ 70 శాతమో అంతకు హెచ్చో వైకల్యము గలవానికి పరిచర్యాగృహము అవసరమైనచో దాని ఖర్చును ప్రభుత్వమే భరించును. ఒకచోట సైనికుడు ముందుగా చెల్లించెను. ఒకచోట పింఛను నిచ్చి కొనుక్కొనెను. ఒకచోట దేశము చెల్లించెను. మనచోట ఇల్లు చెల్లించుచున్నది, నోరెత్తకుండ.

కంభము చెఱువు విజయనగరపు కాలమునాటిది. కట్టినవారు పోయిరి, చెఱువు నిలిచినది. ఏల నిలిచినది? ఏ తరమున కా తరము కట్టకు మన్ను వేసినందున. నీరు పాఱిన చేలవా రందఱును కట్టను కాచుకొనవలెను. కట్ట ప్రక్కన ఇల్లున్నవాడే కాచుకొనుమనుట న్యాయము కాదు. సరిహద్దున కాపు గాచినవాని వలన మనమందఱమును నిద్రించితిమి. అతని మంచమును కాచుట ఒక్క ఇంటి పని యెట్లగును?

కావున పెద్దలకు నాలుగు మనవులు.

మొదటిది కాగితములు. మీ ఊర నిట్టి సైనికు డున్నచో అతని డిశ్చార్జి పుస్తకమును, పింఛను ఉత్తరువును, వైద్యమండలి నిర్ణయమును చదివించి చూడుడు. పరిచర్యాభత్యపు మాట అందున్నదా? వ్యాధి ముదిరినచో పునఃపరీక్షకు అర్జీ పెట్టిరా? ఒంగోలులో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయము కలదు. గిద్దలూరునుండి నూఱు కిలోమీటర్లకు పైబడిన దారి. మంచము ప్రక్కనున్న ఆడుది పోలేదు. మధ్యవర్తి పోయినచో వాటా అడుగును. ఊరిపెద్ద యొకరు పోయిరావలెను. పింఛను లేక తిరిగివచ్చిన మాజీ సైనికులును కొందఱు కలరు. వారిలో 65 ఏండ్లు దాటిన పేదలకు పతాకనిధి నుండి నెలనెల ఇచ్చు సహాయమును 2025 నవంబరు మొదలుకొని పెట్టు అర్జీలకు 4,000 నుండి 8,000 రూపాయలకు పెంచిరి. అర్జీ పెట్టనివానికి అది రాదు.

రెండవది పైకము. పరిచర్యాభత్యమును ఇంటి ఖర్చులో కలుపనీయకుడు. పరిచర్య చేయు మనిషి పేర వేఱు బ్యాంకి పుస్తకము తెఱిపించి, నెలనెల అందులో వేయించుడు. అది దానము కాదు; ఆమె కష్టార్జితము.

మూడవది చేతులు. మన గ్రామములలో పింఛను పొందుచున్న ఆరోగ్యవంతులైన మాజీ సైనికులు పెక్కురు కలరు. పడినవానిని విడిచిపోరాదని వారు నేర్చియున్నారు. వారమునకు రెండు రాత్రులు వంతు వేసికొని ప్రక్క మార్చినచో, ఆ యింటి ఇల్లాలు వారమునకు రెండు రాత్రులు నిద్రించును. దీనికి ప్రభుత్వపు ఉత్తరువు అక్కఱలేదు.

నాలుగవది మాట. ఇంట చూచువారు లేనపుడు ఖడ్కీకో మొహాలీకో పంపుట గెంటివేయుట కాదు. పుండు పడనిచ్చి ఇంటనే యుంచుకొనుట ప్రేమయు కాదు. పంపినవారిని ఆడిపోసికొనక, ఏడాది కొకమారు చూచివచ్చుటకు దారిఖర్చు కూర్చి ఇండు. అతని పేరు ఊరి లెక్కలోనుండి తీసివేయకుడు.

ఈ రాత్రి మీరు నిద్రించునపుడు రెండుగంటల కొకమారు లేచి చూడుడు; ఒక్కరాత్రి చాలును. ఆ యింటిలో ఏండ్ల తరబడి ఏమి చెల్లింపబడుచున్నదో తెల్లవారునప్పటికి మీకే తెలియును.