ఆడపిలకాయల వొంట్లో నెత్తురేదీ?

(నెల్లూరులో పెన్న ఒడ్డు వాడల్లో ఒకచోట జరిగిన సభలో ఒక ఉపాధ్యాయ కార్యకర్త చేసిన ప్రసంగం)



ముందు వరసలో అందరూ మగాళ్ళే. ఆడోళ్ళు ఎనక గోడకానుకొని నిలబడున్నారు. మనింట్లో అన్నం గిన్నె ముందు కూడా ఇదే వరస. ఇయ్యాళ నేను మాట్లాడేది ఆ వరస గురించే.

మాది సముద్రం పక్క పల్లె. 1990 తర్వాత మా ఊరి చుట్టూ రొయ్యల గుంటలు తవ్వారు. బావి నీళ్ళు ఉప్పుదేలినయ్. నాట్లు పోయినయ్, కలుపులు పోయినయ్. భూమి మాది కాదు గాబట్టి అడిగే నోరూ లేకపోయింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరం అంచున గుంటలు తీసెయ్యమని తీర్పిచ్చింది. 2005లో పార్లమెంటు చట్టం చేసి మళ్ళీ వాటికి దారిచ్చింది. ఈలోపల మా వాడ సగం ఖాళీ అయ్యి, ఇట్టాంటి టౌను వాడల్లోకొచ్చి పడింది. 2021 నవంబరులో పెన్న పొంగితే మునిగిందీ ఈ ఒడ్డు కాలనీలే గదా.

మా అక్క ఎనిమిదో తరగతిలో బడి మానేసింది. నేను చదవాల మరి! రొయ్యల షెడ్డులో పనికి పోయింది. ఐసునీళ్ళలో నిలబడి తలలు తీయాల, తోలు వొలవాల. కిలో లెక్కన కూలి. దొడ్డికి పోయొచ్చే లోపల కూలి తగ్గుద్ది, పోను సరైన చోటూ ఉండదు. అందుకని పొద్దున్నించీ నీళ్ళు తాగేది కాదు. ఉచ్చలో మంట, నడుం నొప్పి. ఎవరికి చెప్పుకుంటది? రాత్రికి మా అమ్మ గుడ్డు నా కంచంలో వేసేది, చదివే పిలగోడని. అక్కకి అడుగున మిగిలిన పులుసు. అదేందని నేను అడగలా. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదని ఇందాక చప్పట్లు కొట్టారు. అందులో సగం అక్క నెత్తురు.

పదహారుకే పెళ్ళి. ఇరవై దాటకముందే ఇద్దరు బిడ్డలు, ఆపరేషను. ఇరవై ఎనిమిదేళ్ళకి తెల్లబట్ట, పొత్తికడుపులో నొప్పి అని పోతే, ఒక ప్రైవేటు నర్సింగ్ హోములో గర్భసంచే తీసేశారు. మందులతో నయం కాదా అని అడిగినోళ్ళు లేరు. అప్పటికి నేను పంతుల్ని. అప్పుడూ అడగలా.

మా అక్క ఒక్కతే అనుకోమాకండి. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. మన రాష్ట్రంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిలకాయల్లో నూటికి 60 మందికి రక్తం తక్కువ. మగాళ్ళలో నూటికి 20 మంది కూడా లేరు. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి! గర్భసంచి తీసేసినోళ్ళు దేశం మొత్తమ్మీద నూటికి ముగ్గురైతే, మన రాష్ట్రంలో దాదాపు 9 మంది. పెళ్ళయిన ఆడోళ్ళలో నూటికి 70 మంది పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించుకున్నోళ్ళే. మొగుడు చేయించుకున్న ఇల్లు నూటికి ఒకటి కూడా లేదు. మగాళ్ళకయితే అది చిన్న పని, కత్తి కోత లేకుండానే చేస్తారు. ‘బరువులెత్తే మగోడికి ఎందుకబ్బా’ అంటారు. నీళ్ళ బిందెలెత్తేది ఎవరు?

రక్తం ఆడపిల్లకి 12 గ్రాములుండాల. కడుపుతో ఉన్నా 11కి తగ్గకూడదు. ఏడుకి దిగి కాన్పుకి పోతే ప్రాణమ్మీదికొస్తది. బడిలో మేం వారానికొక నీలం బిళ్ళ ఇస్తాం, ఇనుము బిళ్ళ. కడుపులో తిప్పుద్దని పిలకాయలు కిటికీలోంచి పారేస్తారు, నేను చూస్తానే ఉంటా. అన్నం తిన్నాక వేసుకుంటే అంత తిప్పదు. టీ మీద వేసుకుంటే వొంటికి పట్టదు, నిమ్మకాయ నీళ్ళతో అయితే పట్టుద్ది. బడి మానేసిన పిల్లకి ఆ బిళ్ళ అంగన్‌వాడీలో ఇవ్వాలని రూలుంది. తెల్లారకముందే షెడ్డు వ్యానెక్కే పిల్ల అంగన్‌వాడీకి ఎప్పుడు పోద్ది?

బాబాసాహెబ్ 1942 జులైలో నాగపూరులో వేలమంది మన ఆడోళ్ళ ముందు ఇదే మాట్లాడాడు. బిడ్డల పెళ్ళికి తొందరపడొద్దన్నాడు. ఎక్కువమందిని కనొద్దన్నాడు. పెళ్ళాం మొగుడికి స్నేహితురాలు, సమానురాలన్నాడు. అంతకుముందే, 1928లో, బొంబాయి శాసనమండలిలో కూలి ఆడోళ్ళకి కాన్పు సెలవు, కూలి ఇవ్వాల్సిందేనని వాదించాడు. మనం ఏప్రిల్ 14న దండేస్తాం. ఆ మాటలు మాత్రం ఇంటికి తీసుకుపోం.

ఆడోళ్ళకి చేతగాదనే వాళ్ళకి ఒక్క మాట. మన జిల్లా దూబగుంటలో సారా ఆపింది ఎవరు? 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం పెట్టించింది ఎవరు? చదువు నేర్చుకోను రాత్రి బడికొచ్చిన కూలి ఆడోళ్ళతో మొదలైంది అది.

వచ్చే ఆదివారం సాయంత్రం ఏయన్నెమ్మ ఇక్కడికే వస్తది, రక్తం చూస్తది. షెడ్డుకి పోయే పిలకాయల పేర్లు రాసియ్యండి. షెడ్డులో దొడ్డి, తాగే నీళ్ళు, కూర్చునేదానికి బల్లలు కావాలని అర్జీ రాసుకొచ్చా. చదువుతా, వినండి. ముందు ఆ ఎనకనున్న పిలకాయలకి చోటియ్యండి. జరగండన్నా, జరగండి.