చలిజ్వరం గుట్టు - హుస్సేన్ ఖాన్ అణాలు



మన పెద్దలు చలిజ్వరమన్న మలేరియా గుట్టు బయటపడింది మన సికింద్రాబాదులోనే. 1897 ఆగస్టులో హుస్సేన్ ఖాన్ అనే రోగి, కుట్టిన దోమకు ఒక అణా చొప్పున తీసుకుని దోమలకు తన రక్తమిచ్చినాడు. 20వ తేదీన డాక్టర్ రొనాల్డ్ రాస్ అట్లాంటి దోమ కడుపు గోడలో మలేరియా క్రిమిని చూసినాడు. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. ఖాన్‌కు ఆ అణాలే! ఆ పేరు మన పిల్లల్లో ఎందరికి తెలుసు?

రాస్ పనిచేసిన తీరు చూడండి. చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టినాయి, కంటి దగ్గరి అద్దం చిట్లింది. పంకా లాగిస్తే కోసిన దోమలు ఎగిరిపోతాయని ఉక్కలోనే కూర్చున్నాడు. ఇనుము, గాజు సరిగా లేకపోతే వైద్యం ఎంత కష్టమో! అదే మనిషి పద్యాలు, నవలలు కూడా రాసినాడు. జ్వరం పాకే తీరుకు లెక్కలు కట్టినాడు. నోబెల్ వచ్చిన నూరేళ్లకు, 2002లో, ఆ క్రిమి 14 క్రోమోజోముల్లోని సుమారు 5,300 జన్యువులను చదివినారు. అందులో జీవశాస్త్రం వాళ్లతోపాటు కంప్యూటరు వాళ్లూ ఉన్నారు.

మరి మన ఇళ్లలో? "తెలుగు ఎం.ఏ. ఏం కూడు పెడుతుంది?" అంటాం. ఆడపిల్లకైతే ఇంటర్‌తోనే సరి. మన సంఘం ఉపకార వేతనం ఏ శాస్త్రం, ఏ భాష చదివేవారికైనా ఇవ్వాలని కార్యవర్గాన్ని కోరుతున్నాం. తల్లిదండ్రులారా, దరఖాస్తులో ఆడపిల్ల పేరు కూడా రాయండి. ప్రొద్దుటూరు దాకా బస్సు ఛార్జీ సంగతి మనం కూర్చుని మాట్లాడుకుందాం.